1453లో మూసుకుపోయిన దారి ఏది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోటీ పరీక్షలకు చదివే పిల్లల చేతుల్లో ఉండే బిట్ బ్యాంకుల్లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది. ఐరోపావారు భారతదేశానికి సముద్రమార్గం వెతకడానికి కారణమేమిటన్నది ఆ ప్రశ్న. 1453లో తురుష్కులు బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) ఆక్రమించి భూమార్గాన్ని మూసివేయడమేనన్నది 'కీ'లో ఇచ్చే జవాబు. గ్రీకు మాట్లాడుతూ, తమను రోమన్లుగానే చెప్పుకుంటూ వెయ్యేళ్లకు పైగా నిలిచిన బైజాంటైన్ సామ్రాజ్యం గురించి మన విద్యార్థుల్లో చాలామందికి దక్కేది ఆ ఒక్క వాక్యమే, అది కూడా సరైనది కాదు. పత్రికల విద్యా పేజీల్లో సైతం ఇదే జవాబు అచ్చవుతున్నందున ఈ లేఖ రాయవలసి వచ్చింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ జవాబు నిలబడదు. పోర్చుగీసువారు ఉత్తర ఆఫ్రికాలోని సియూటా రేవును పట్టుకున్నది 1415లో, పడమటి తీరంలో బొజడోర్ అగ్రాన్ని దాటినది 1434లో. అంటే కాన్‌స్టాంటినోపుల్ పతనానికి చాలా ముందే వారి ఓడలు దక్షిణానికి సాగుతున్నాయి. పశ్చిమాఫ్రికా బంగారం మీద ఆశ, ముస్లిం రాజ్యాలపై మతపరమైన పోరు, మిరియాల లాభాన్ని ఈజిప్టు, ఇటలీ నగర రాజ్యమైన వెనిస్‌ల చేతుల్లోంచి లాక్కోవాలన్న కోరిక వారిని నడిపించాయి. మన మలబారు మిరియాలు ఐరోపాకు ప్రధానంగా వెళ్లినది ఎర్రసముద్రం మీదుగా కైరో, అలెగ్జాండ్రియాలకు, అక్కడి నుంచి వెనిస్ ఓడల్లోకి. ఆ దారిపై అధికారం ఈజిప్టును ఏలుతున్న మమ్లూక్ సుల్తానులది. తురుష్కులు ఈజిప్టును జయించినది 1517లో, వాస్కోడగామా కాలికట్ చేరిన పంతొమ్మిదేళ్ల తరువాత. వారి చేతికి ఇంకా రాని దారిని వారు ముందే ఎలా మూయగలరు?

పట్టుకున్న నగరంలోనూ తురుష్క సుల్తాను రెండవ మెహ్మద్ వ్యాపారాన్ని ఆపలేదు. నగరం కూలిన మూడు రోజులకే, ఎదురు గట్టున ఉన్న గలాటాలోని జెనోవా (ఇటలీలోని మరో నగర రాజ్యం) వర్తకులకు రక్షణ పత్రం రాసిచ్చాడు, మరుసటి ఏడాది వెనిస్‌తోనూ ఒప్పందం చేసుకున్నాడు. నల్లసముద్రంలో ఇటాలియన్ల వ్యాపారం క్రమంగా కుంచించుకుపోయిన మాట నిజమే. 1475లో జెనోవావారి కఫ్ఫా రేవు కూడా తురుష్కుల వశమైంది. అయితే మన మిరియాల రాజమార్గం అది కాదు. సుంకం మీద బతికే ఏ పాలకుడూ సార్థవాహులను తరిమికొట్టడు.

ఈ బిట్ వల్ల మరుగున పడిపోయే అసలు కథ మరొకటి ఉంది. బైజాంటియం తన వ్యాపారాన్ని తురుష్కులకు పోగొట్టుకోలేదు, తోటి క్రైస్తవులకే పోగొట్టుకుంది. నార్మన్లతో యుద్ధంలో నౌకాబలం కోసం అలెక్సియస్ చక్రవర్తి 1082లో వెనిస్ వర్తకులకు సుంకం పూర్తిగా మినహాయించాడు. సొంత వర్తకులు పదో వంతు సుంకం కడుతుండగా పరాయివారు ఏమీ కట్టకుండా వ్యాపారం చేసుకున్నారు. 1204లో నాలుగో క్రూసేడ్ (క్రైస్తవుల మతయుద్ధం) సైన్యం వెనిస్ ఓడల్లోనే వచ్చి కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుంది. పందేల మైదానంలోని నాలుగు కంచు గుర్రాలు అప్పుడే వెనిస్‌లోని సెయింట్ మార్క్ ఆలయానికి చేరాయి. 1261లో మైఖేల్ పాలియోలోగస్ నగరాన్ని తిరిగి పొందినా ఖజానా మాత్రం తిరిగి నిండలేదు. 14వ శతాబ్దపు చరిత్రకారుడు గ్రెగొరాస్ లెక్క ప్రకారం గలాటాలో జెనోవావారికి ఏటా రెండు లక్షల బంగారు నాణేల సుంకం వస్తే, ఆ పక్కనే ఉన్న చక్రవర్తికి వచ్చినది ముప్పై వేలు.

1453 వసంతంలో కోట ముట్టడి మొదలయ్యే వేళకు పరిస్థితి ఎంతగా దిగజారిందో చెప్పే సంఘటన ఒకటుంది. ఆయుధం పట్టగల మగవారెందరో లెక్కతీయమని చివరి చక్రవర్తి పదకొండవ కాన్‌స్టంటైన్ తన ఆంతరంగికుడు స్ఫ్రాంట్జెస్‌ను ఆదేశించాడు. స్థానికులు ఐదు వేల లోపే తేలారు. ఆ అంకె బయటకు పొక్కనీయవద్దని చక్రవర్తి ఆజ్ఞాపించాడు. థియోడోసియస్ చక్రవర్తి కాలం నుంచి వెయ్యేళ్లు నిలిచిన, ఆరు కిలోమీటర్ల పొడవున్న గోడను కాయవలసింది ఆ కొద్దిమందీ, వారికి తోడైన కొందరు ఇటాలియన్లూ. ఇరవై ఒక్కేళ్ల మెహ్మద్ మే 29న గెలిచింది అటువంటి నగరాన్ని.

ఇదే వరుసలో మరో బిట్, గ్రీకు పండితులు 1453లో ఇటలీకి పారిపోవడం వల్ల పునరుజ్జీవనం మొదలైందనేది. బైజాంటైన్ పండితుడు మాన్యుయెల్ క్రిసొలోరాస్ 1397లోనే ఫ్లోరెన్స్‌లో గ్రీకు బోధించడం ప్రారంభించాడని చెబితే దాని సంగతి తేలిపోతుంది.

దూరదేశపు చరిత్ర మనకెందుకని కొందరు అడగవచ్చు. కర్ణాటకలోని అక్కి ఆలూరులోనే కాదు, దక్షిణ భారతంలో ఇంకా కొన్ని చోట్ల బైజాంటైన్ చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా వర్తకుడు కాస్మస్, తమ నాణెం లోకమంతటా చెల్లుతుందని గర్వంగా రాసుకున్నాడు, మలబారు మిరియాలను గురించీ రాశాడు. మన తీరంతో అంత పాత పరిచయమున్న రాజ్యాన్ని దాని చావు తేదీతో మాత్రమే గుర్తుపెట్టుకోవడం వింతగా ఉంది. ఆ తేదీకి తప్పుడు కారణాన్ని అంటగట్టడం మరీ వింత.

పాఠ్యపుస్తకాలు రూపొందించే నిపుణులు రాబోయే ముద్రణలోనైనా ఈ వాక్యాన్ని సవరించాలి. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఈ బిట్‌ను పక్కన పెట్టాలి, ఎందుకంటే సరిగా చదువుకున్న అభ్యర్థికే ఇందులో మార్కు పోతుంది. అంతవరకు మీ విద్యా పేజీలో ఈ ప్రశ్న వేయవలసి వస్తే 1453తో పాటు 1415, 1517 సంవత్సరాలను కూడా ఇచ్చి, ఏది ముందో ఏది వెనకో విద్యార్థులనే తేల్చుకోమనవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
చరిత్ర ఉపాధ్యాయుడు,
గుంటూరు