అరెస్టయిన రోజే దొంగ అని రాయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ ఉత్తరాల పేజీలో ఒకాయన అడిగారు, దొంగల కేసులు చీటింగ్ కేసులు వాదించే లాయర్లకి అసలు నిద్రెలా పడుతుందని. చాలా ఏళ్ళుగా నేను చేసేది ఆ కేసులే, అందుకని జవాబు రాస్తున్నా. మనిషి వచ్చి వకాల్తా మీద సంతకం పెట్టే టైముకి అతను దొంగో కాదో నాకు తెలీదండి, అది తేల్చడానికే కదా కోర్టులో విచారణ పెట్టుకున్నాం.

వస్తువు చేతిలో దొరికితే చాలు దొంగతనం అయిపోయిందనుకుంటారు చాలామంది. కాదు. అవతలివాళ్ళదని తెలిసి, వాళ్ళకి ఇష్టం లేకుండా, కాజేసే ఉద్దేశంతో తీసుకోవాలి, సగం కేసుల్లో గొడవంతా ఆ ఉద్దేశం దగ్గరే. అమెరికాలో మోరిసెట్ అనే ఆయన, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు బాంబులు ప్రాక్టీసు చేసే చోట తుప్పుపట్టి పడున్న ఖాళీ బాంబు డొప్పలు పట్టుకెళ్ళి పాత ఇనుము కింద అమ్ముకున్నాడు, ఎవరికీ అక్కర్లేక వదిలేశారనుకున్నానండీ అన్నాడు, కింది కోర్టు ఆ వాదనే ఒప్పుకోకుండా శిక్ష పడేలా చేసింది. 1952లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, ఉద్దేశం సంగతి తేల్చకుండా దొంగ అనకూడదని.

చీటింగ్ కేసులు ఇంకా చిక్కు. డబ్బు తీసుకున్న రోజే ఎగ్గొడదామనే బుద్ధి ఉంటే అది మోసం, తర్వాత వ్యాపారం దెబ్బతిని ఇవ్వలేకపోతే అది బాకీ, సివిల్ కోర్టు చూసుకోవాల్సిన విషయం. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి. అందుకే మేం ముందు మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ తెప్పించుకుని తేదీల వరుసలో పెట్టుకుంటాం, మధ్యలో రెండు వాయిదాలు కట్టిన రసీదు ఒక్కటి దొరికినా కేసు ఇంకోలా కనపడుద్ది.

ఇంక గుర్తుపట్టడం. లండన్‌లో అడాల్ఫ్ బెక్ అనే ఆయన్ని 1896లో, ఆడవాళ్ళని నమ్మించి నగలు కాజేశాడని ఏడేళ్ళ జైలుశిక్ష వేశారు. ఒకళ్ళిద్దరు కాదు, చాలామంది కోర్టుకొచ్చి వీడేనన్నారు, వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా నమ్మారు. 1877లో అచ్చం అదే పద్ధతిలో మోసాలు చేసి జైలుకెళ్ళిన స్మిత్ అనేవాడు ఒకడున్నాడు, అప్పటికి బెక్ దక్షిణ అమెరికాలో ఉన్నాడు, ఆ సంగతి బయటపెట్టబోతే జడ్జి కుదరదన్నాడు. విడుదలై వచ్చాక 1904లో మళ్ళీ అలాంటి కేసులోనే నేరం రుజువైందన్నారు, శిక్ష ఇంకా వెయ్యకముందే అసలువాడు, ఆ స్మిత్, దొరికాడు కాబట్టి బయటపడ్డాడు. 1907లో ఇంగ్లండ్‌లో క్రిమినల్ కేసులకి అప్పీలు కోర్టు రావడానికి ఈయన కేసు ఒక పెద్ద కారణం. సాక్షిని క్రాస్ చేసేటప్పుడు ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎంత, ఎన్ని క్షణాలు చూశారు అని మేం గుచ్చిగుచ్చి అడుగుతుంటే జనానికి చిరాకేస్తుంది, తెలుసు. నేను బెక్ కోసం అడుగుతాను.

నిజంగా తప్పు చేసినవాళ్ళు రారా అంటే వస్తారు. చేశానని నాతో చెప్పినవాడి తరఫున నేను కోర్టులో అబద్ధపు కథ చెప్పలేను, చెప్పించకూడదు కూడా. కానీ ప్రాసిక్యూషన్ తన కేసు సాక్ష్యంతో రుజువు చేసిందా లేదా అని అడగొచ్చు, ఆకలికో జబ్బుకో చేసిన చిన్న దొంగతనానికి పెద్ద శిక్ష వద్దని బతిమాలొచ్చు. నష్టపోయినవాళ్ళ బాధ నాకు పట్టదని కాదండి, వాళ్ళ ఏడుపు కోర్టు వరండాలో రోజూ వింటూనే ఉంటాను, కానీ తప్పుడు మనిషి జైలుకెళితే వాళ్ళకి మాత్రం ఏం తిరిగొస్తుంది?

ఈ మధ్య నా క్లయింటు ఒకతను, పనిచేసే చోట డబ్బు మాయం చేశాడన్న కేసులో నిర్దోషిగా బయటికొచ్చాడు. అరెస్టయిన రోజు ఒక పేపర్లో ఫోటోతో సహా ఘరానా మోసగాడు అని పడింది. ఆ కటింగు పర్సులోనే పెట్టుకు తిరిగాడు ఇన్నాళ్ళూ. తీర్పయ్యాక అది తీసి నా బల్ల మీద పెట్టి, ఈ తీర్పు కూడా వేస్తారా సార్ అనడిగాడు. నా దగ్గర జవాబు లేక మీకు రాస్తున్నా.

ఇట్లు,
ఒక క్రిమినల్ లాయరు