ప్లేట్లు తీసేసిన చేతులకు కృతజ్ఞతలు

పోయిన సోమవారం సాయంత్రం 100 కిలోలతో ఐదు స్క్వాట్లు (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) చేశాను. రాడ్డు 20, అటు రెండు ఇటు రెండు 20 కిలోల ప్లేట్లు. రెండేళ్ల కిందట 120 దాకా వెళ్లేవాణ్ని కాబట్టి అంకె చూస్తే ఇది వెనకడుగే. కానీ రాడ్డును ర్యాక్ మీద పెట్టి తిరిగి చూసేసరికి మా జిమ్ మాస్టారు మెడలోని తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంతమంది ఇంత చేస్తే ఒక్కరికీ సరిగ్గా నోరు తెరిచి చెప్పలేదే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

2024 కనుమ రోజు మా ఊళ్లో కబడ్డీ ఆడుతున్నాం. కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతుంటే పాదం నేలకు అతుక్కుపోయి మోకాలు మాత్రం తిరిగింది. 'టప్'మన్న చప్పుడు గీత అవతల ఉన్న మా బావకి కూడా వినిపించింది. చీకటి పడేసరికి మోకాలు కొబ్బరికాయంత అయింది. మొదట చూపించుకున్న చోట బెణుకన్నారు, క్రేప్ బ్యాండేజీ వేసి పంపారు. మూడు వారాలకు వాపు తగ్గింది గానీ మెట్లు దిగుతుంటే మోకాలు పట్టు తప్పి జారిపోయేది. ఎమ్మారై తీయిస్తే మోకాల్లో ఎముకల్ని కలిపి పట్టుకునే ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిందని తేలింది. ఫిబ్రవరి చివర్లో విశాఖలో ఆపరేషన్ జరిగింది. తొడ వెనక నుంచి స్నాయువు తీసి, దాన్నే కొత్త లిగమెంటుగా అమర్చారు.

అమ్మా, నాన్నా, మీకు థాంక్స్ అంటే కోప్పడతారు. అయినా చెప్తాను. కింద కూర్చోలేని ఆ రోజుల్లో బాత్రూంలో కుర్చీ వేసి, నేను బయటికొచ్చేదాకా నాన్న తలుపు అవతలే నిలబడేవారు. ఒక్కరోజు కూడా 'అయిందా' అని అడగలేదు. అమ్మ చోడి (రాగి) అంబలి, రెండు ఉడకబెట్టిన గుడ్లు పట్టుకుని పొద్దున్నే ఆరింటికల్లా మంచం దగ్గరికి వచ్చేది.

ఫిజియో మేడమ్ గారికి నేను పడ్డ రుణం వేరు. ఆపరేషన్ అయిన పది రోజులకు ఆవిడ టేపు తీసుకుని, మోకాలి చిప్ప నుంచి పైకి 15 సెంటీమీటర్లు కొలిచి, రెండు తొడల మీదా పెన్నుతో గీత పెట్టారు. ఆ గీత దగ్గర కుడి తొడ 56, ఎడమ తొడ 52. ఏళ్ల తరబడి చేసిన కండ ఆ కొద్ది రోజుల్లోనే ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు. ఆవిడ మాత్రం కంగారు పడలేదు. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి 'ముందు మోకాలు పూర్తిగా నిటారు కావాలండీ, బరువుల సంగతి తర్వాత' అన్నారు. తొడ బిగించి పది అంకెలు లెక్కపెట్టడం, కాలు వంచకుండా పైకెత్తడం, మడమను మంచం మీద జరపడం. నెల రోజులు ఇంతే. చూసేవాళ్లకు అది వ్యాయామంలా కూడా కనిపించదు, నాకు మాత్రం చెమటలు పట్టేవి.

మూడో నెలకి నొప్పి లేదు, వాపు లేదు. 'మేడమ్, స్క్వాట్లు మొదలుపెట్టేస్తాను' అన్నాను. అప్పుడు ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాట ఏసీఎల్ ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ వినాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. కొత్తగా పెట్టిన ఆ ముక్క మొదట్లో ప్రాణం లేని తాడులాంటిదట. ఎముకలో దాన్ని స్క్రూల్లాంటివి పట్టి ఉంచుతాయి. దాంట్లోకి రక్తనాళాలు పాకి, అది నిజమైన లిగమెంటులా మారడానికి నెలలకు నెలలు పడుతుంది. ఆ మారే క్రమంలో మొదటి రెండు మూడు నెలలకు అది ఆపరేషన్ రోజుకన్నా బలహీనపడుతుంది. సరిగ్గా అప్పుడే మనకు అంతా బాగైపోయినట్టు అనిపిస్తుంది. 'నొప్పి పోయిందంటే లిగమెంటు సిద్ధమైనట్టు కాదండీ. కబడ్డీ లాంటి ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, అది కూడా బలం పరీక్ష పాసైతేనే' అన్నారు. ఆవిడ ఆరోజు మొహమాటపడి సరేననుంటే ఈ పోస్టు ఇలా ఉండేది కాదు.

జూన్‌లో ఆవిడ అనుమతితో జిమ్‌కి వెళ్లాను. వెయిట్‌లిఫ్టర్లకు పేరున్న కొండవెలగాడ మా విజయనగరానికి దగ్గరే. ఈ చుట్టుపక్కల బరువులెత్తడమంటే జనానికి ఒక గౌరవం ఉంది. మా మాస్టారు ర్యాక్ పైన కరణం మల్లీశ్వరి గారి ఫొటో పెట్టుకున్నారు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌ది. కింద చేత్తో ఆవిడ ఎత్తిన కిలోలు '110 + 130 = 240' అని రాసుకున్నారు. నాలుగు నెలల తర్వాత ఆ ఫొటో చూస్తే ఒళ్లు పులకరించింది. మాస్టారు వేరే వాళ్లతో మాట్లాడుతుండగా రాడ్డుకి అటు పది, ఇటు పది ఎక్కించుకున్నాను. ఆయన ఏమీ అనకుండా వచ్చి ఒక ప్లేటు తీశారు. అటు తిరిగి రెండోదీ తీశారు. తర్వాత నా చేతుల్లోంచి రాడ్డు కూడా తీసుకుని, నీళ్ల పైపు ముక్క ఒకటి పెట్టారు.

'ఏటి తమ్ముడూ అంత బేగి? ఈ రాడ్డు ఎక్కడికీ పోదు' అన్నారు.

ఆ రోజు బాధపడ్డాను, నిజం. కానీ వెనక బెంచీ పెట్టి, దాని మీద కూర్చుని లేస్తుంటే అద్దంలో చూపించారు. నాకు తెలియకుండానే బరువంతా కుడి కాలి మీద వేస్తున్నాను. రోజూ ఆయన ఎడమ పక్కన మోకాళ్ల మీద కూర్చుని 'ఇటు... ఇంకొంచెం ఇటు' అంటూ ఉండేవారు. అరవై దాటిన మనిషి. నెలకి నేనిచ్చే ఫీజు ఆ కూర్చోవడానికి సరిపోదు.

ఆగస్టు ఆఖరికి 50 కిలోలకు వచ్చాను. సెప్టెంబర్‌లో జ్వరం పట్టుకుంది, డెంగ్యూ. ఐదో రోజుకి జ్వరం తగ్గితే గండం గడిచిందనుకున్నాం. డెంగ్యూలో జ్వరం దిగే ఆ రెండు రోజులే ఎక్కువ ప్రమాదమని మాకు తెలీదు. విశాఖ తీసుకెళ్లేసరికి రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 14 వేలకు పడిపోయాయి, చిగుళ్ల నుంచి రక్తం. బీ పాజిటివ్ దాతలు కావాలన్నారు. మా బావ జిమ్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

రాత్రి పదకొండు దాటాక, వానలో, విజయనగరం నుంచి రెండు బైకుల మీద నలుగురు కుర్రాళ్లు వచ్చారు. వాళ్లలో ఇద్దరిది బీ పాజిటివ్. ఒకడు ముందురోజు భుజం నొప్పికి ఆస్పిరిన్ వేసుకున్నానని చెప్పడంతో వద్దన్నారు. అది వేసుకుంటే ప్లేట్‌లెట్లు కొన్నాళ్లు సరిగ్గా పనిచేయవట. వాడు 'నేనెందుకు వేసుకున్నానురా' అంటూ మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడని బావ తర్వాత చెప్పాడు. తమ్ముడూ, నువ్వు నిజం చెప్పావు చూడు, అదే నాకు పెద్ద సాయం. రెండోవాడు కానిస్టేబుల్ ఈవెంట్లకు, 1600 మీటర్ల పరుగుకు, తయారవుతున్నవాడు. గంటన్నర మిషను పక్కన పడుకుని ప్లేట్‌లెట్లు ఇచ్చాడు. పొద్దున్న నాన్న పెట్రోలుకని డబ్బివ్వబోతే 'మాయ్యా, అన్న లేచాక నాకు స్పాటింగ్ ఇస్తాడులెండి' అని వెళ్లిపోయాడు. స్పాటింగ్ అంటే బరువెత్తేవాడి పక్కన నిలబడి కాపు కాయడం.

డెంగ్యూ తర్వాతి రోజులు ఆపరేషన్ తర్వాతి రోజులకన్నా కష్టం. కాలు నొప్పయితే ఎక్కడుందో తెలుస్తుంది, ఈ నీరసం ఎక్కడుందో తెలియదు. మేడ మెట్లు ఎక్కితే కూర్చోవాల్సి వచ్చేది. జుట్టు చేతిలోకి వచ్చేది. ఇక జిమ్ మనకెందుకులే అని బూట్లు అటక మీద పెట్టించాను. నవంబర్‌లో ఒక సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చి, టీ తాగి, ఏమీ అడగకుండా ఆ నీళ్ల పైపు ముక్కను గుమ్మం పక్కన ఆనించి వెళ్లిపోయారు. రెండు రోజులు దాన్ని చూస్తూ ఉన్నాను. మూడో రోజు అమ్మే బూట్లు దించింది.

మళ్లీ పైపు, మళ్లీ బెంచీ, మళ్లీ ఖాళీ రాడ్డు. మేడమ్ గారు మళ్లీ టేపు తీశారు, 55, 52. ఈసారి నాకు తొందర లేదు. వారం బాగుంటే రెండున్నర కిలోలు, బాగోకపోతే అదే బరువు. అలా ఏడాదికి పైగా. మధ్యలో ఎన్నిసార్లు మాస్టారు ప్లేట్లు తీసేశారో లెక్కలేదు. తీసిన ప్రతిసారీ వాటిని ఆయనే మోసుకెళ్లి స్టాండులో పెట్టేవారు, నన్ను మోయనిచ్చేవారు కాదు.

మాస్టారూ, మేడమ్ గారూ, బావా, నలుగురు తమ్ముళ్లూ, మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. నాకు ప్లేట్‌లెట్లు ఎక్కించి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు నేను కూడా ఇవ్వొచ్చన్నారు. పోయిన నెల విశాఖ వెళ్లి, పరీక్షలన్నీ అయ్యాక, మొదటిసారి ఇచ్చి వచ్చాను. చుట్టుపక్కల ఎవరికైనా బీ పాజిటివ్ కావాల్సి వస్తే మొహమాటపడకండి, ఏ వేళయినా సరే. మాస్టారి దగ్గర నా నంబరుంది.