హైరమ్ జాన్సన్ కథలో సగం ఎందుకు వదిలేశారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కాలిఫోర్నియా పాత గవర్నరు హైరమ్ జాన్సన్ గురించి, రీకాల్ గురించి, అంటే గెలిచినవాళ్లను గడువు తీరకుండానే జనం ఓటేసి దించడం గురించి, వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివి పదిహేను రోజులు దాటింది. చదివిన రోజే మెయిల్ పెట్టాను, జవాబు లేదు. పై ఆదివారం సవరణ వేస్తారేమో అని చూశాను, లేదు, ఆ పై ఆదివారం కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం. మా ఆయన అయితే ఎందుకు నీకీ గోల, వందేళ్ల కిందటి అమెరికా గవర్నరు గురించి ఎవరికి పట్టింది అన్నారు. నాకు పట్టింది. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పాను, పిల్లలు సంవత్సరం తప్పు రాస్తే మార్కు తీసేసినదాన్ని, లక్షల మంది చదివే పేపర్లో తప్పులొస్తే చూస్తూ ఊరుకోమంటే ఎలా.

ముందు ఫొటో సంగతి. కింద హైరమ్ జాన్సన్ అని పేరు వేసి మీరు అచ్చేసిన బొమ్మ ఆండ్రూ జాన్సన్‌ది, లింకన్ హత్య తర్వాత ప్రెసిడెంట్ అయినాయన. ఆ పెద్దాయన 1875లో పోయేనాటికి మన హైరమ్‌కి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. నేను ఇప్పుడు మా అబ్బాయి దగ్గర కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో ఉంటున్నాను, హైరమ్ జాన్సన్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1866లో. ఇక్కడి కాపిటల్ బిల్డింగులో పాత గవర్నర్ల పటాలన్నీ వరసగా పెట్టారు, ఎవరైనా లోపలికెళ్లి చూడొచ్చు. అంత దూరం రాలేకపోతే పేరు పూర్తిగా కొట్టి వెతికినా సరైన ఫొటో దొరుకుతుంది కదండీ, ఆ ఒక్క నిమిషం కూడా ఎవరూ పెట్టలేదంటే బాధేస్తోంది.

రాసినాయన ఉద్దేశం నాకు బాగానే అర్థమైంది. ఒక గుర్తు మీద గెలిచి నెల తిరక్కుండా ఇంకో కండువా కప్పుకునే ఎమ్మెల్యేలను చూసి చూసి విసిగిపోయి, అక్కడైతే మధ్యలోనే ఓటేసి దించేస్తారు, మనకూ అలాంటిది రావాలి అని రాశారు. ఆ విసుగు నాకూ ఉంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లో మున్సిపాలిటీల వరకు ఇలాంటిది ఉందని ఒక్క ముక్క రాసి ఉంటే చదివేవాళ్లకు ఇంకా దగ్గరగా ఉండేది, అదీ లేదు. సరే, అది వదిలేస్తున్నా.

కానీ రీకాల్‌ని జాన్సన్ కనిపెట్టాడు అని రాయడమేంటి? లాస్ ఏంజెలిస్ సిటీలో అది 1903లోనే వచ్చింది, ఒరెగాన్ రాష్ట్రంలో 1908లో వచ్చింది. జాన్సన్ గవర్నరుగా ప్రమాణం చేసింది 1911 జనవరిలో. ఆడవాళ్లకు ఓటు ఇచ్చిన మహానుభావుడు అని కూడా రాశారు, ఇది నాకు మరీ కష్టమనిపించింది. 1911 అక్టోబర్ 10న జరిగిన ఎన్నికలో రాష్ట్ర రాజ్యాంగానికి 23 సవరణలు జనం ముందు పెడితే 22 నెగ్గాయి, వాటిలో ఆడవాళ్ల ఓటు ఒకటి. జాన్సన్ రీకాల్ కోసం, రైల్వే కమిషన్ కోసం తిరిగినట్టు దీనికోసం తిరగలేదు. ఊరూరా తిరిగి మీటింగులు పెట్టి కరపత్రాలు పంచింది ఆడవాళ్లే, రాష్ట్రం మొత్తం మీద 3,587 ఓట్ల తేడాతో బయటపడ్డారు. అంత కష్టపడి వాళ్లు తెచ్చుకున్నదాన్ని మళ్లీ ఒక మగాయన చేతిలో పెట్టేశారు.

నేను జాన్సన్‌ని తక్కువ చేయడానికి రాస్తున్నానని అనుకోకండి. ఆయన జీవితం ఇక్కడి లైబ్రరీలో కూర్చుని చదివాను, చాలాచోట్ల ఒళ్లు గగుర్పొడిచింది. ఆ రోజుల్లో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ఎవరిని ఎమ్మెల్యేగా నిలబెట్టమంటే వాళ్లే నిలబడేవాళ్లు, పంట ఊరు దాటాలంటే వాళ్లు చెప్పిందే రేటు. తండ్రి గ్రోవ్ జాన్సన్ ఆ రైల్వే పక్షమే, అమెరికా కాంగ్రెస్‌లో కూడా ఒక టర్మ్ కూర్చున్న లాయరు. కొడుకులు కూడా లాయర్లే, రాజకీయాల్లో మాత్రం తండ్రికి ఎదురు తిరిగారు. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో లంచాల కేసులు నడుస్తుంటే 1908 నవంబర్‌లో ప్రాసిక్యూటర్ ఫ్రాన్సిస్ హీనీని కోర్టు హాల్లోనే తుపాకీతో కాల్చారు. ఆయన బతికాడు గానీ కేసు నడిపే స్థితిలో లేడు. అంత జరిగాక ఎవరైనా మనకెందుకులే అని తప్పుకుంటారు, జాన్సన్ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని ఊరిని ఆడించిన ఏబ్ రూఫ్ అనే బాస్‌కి 14 ఏళ్ల శిక్ష పడేదాకా వదల్లేదు. 1910లో గవర్నరుకి పోటీ చేసినప్పుడు రైల్వేని రాజకీయాల్లోంచి తన్ని తరిమేస్తా అన్నదే ఆయన ప్రచారం, రైలు ఎక్కకుండా ఎర్ర కారులో ఊరూరూ తిరిగాడు, కొడుకు నడిపేవాడు, ఊళ్లోకి రాగానే గంట కొడితే జనం పోగయ్యేవాళ్లు. ఆ రోడ్ల మీద, ఆ దుమ్ములో వేల మైళ్లు. గెలిచాక మాట తప్పలేదు, రైల్వే రేట్లు నిర్ణయించే కమిషన్‌కి నిజంగా కోరలు పెట్టాడు, పనిలో దెబ్బ తగిలిన కూలీకి పరిహారం తెచ్చాడు, ఆడవాళ్ల పనికి రోజుకు ఎనిమిది గంటల హద్దు పెట్టాడు. 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ కొత్త పార్టీ పెడితే ఆయన పక్కన వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి మన ఈయనే. ఇవన్నీ మీ వ్యాసంలో నాలుగు లైన్లలో చుట్టేశారు, ఎర్ర కారు ఊసే లేదు, పిల్లలకు చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వినే ఘట్టం అది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. 1913 మే 19న ఇదే జాన్సన్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు. అమెరికా పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు కాలిఫోర్నియాలో సాగు భూమి కొనకూడదు, కౌలుకు తీసుకున్నా మూడేళ్లు మించకూడదు అని. చట్టంలో ఏ దేశం పేరూ లేదు, కానీ ఆ మాట ఎవరి గురించో అందరికీ తెలుసు, ముఖ్యంగా జపాన్ రైతుల గురించి, వాళ్లు ఎందుకూ పనికిరాని నేలల్ని బాగుచేసి కూరగాయలు పండిస్తుంటే ఓర్వలేక తెచ్చింది. ప్రెసిడెంట్ విల్సన్ తన విదేశాంగ మంత్రి బ్రయాన్‌ని ఇంత దూరం శాక్రమెంటోకి పంపి ఆగమని అడిగించినా జాన్సన్ ఆగలేదు. ఒక పెద్ద కంపెనీ మెడలు వంచినాయన, ఓటు కూడా లేని చిన్న రైతు దగ్గరికొచ్చేసరికి ఇలా చేశాడే అని చదివినరోజు నాకు అన్నం సహించలేదు.

మనకెందుకు ఆ జపాన్ వాళ్ల గొడవ అనుకుంటారేమో. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినాయన, భారతీయులకు పౌరసత్వానికి అర్హత లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పుతో ఈ భూమి చట్టం మనవాళ్ల మెడకు కూడా చుట్టుకుంది. ఇంపీరియల్ వ్యాలీలో చెమటోడ్చిన పంజాబీ రైతులు తమ పొలాన్ని తెల్లవాళ్ల పేరు మీదో, ఇక్కడ పుట్టిన తమ పిల్లల పేరు మీదో పెట్టి బతికారు. మన తెలుగాయన దరిశి చెంచయ్య గారు, కనిగిరి వారు, 1912లో చదువుకోడానికి అమెరికా వెళ్లి, బ్రిటిష్ పాలనను కూల్చాలని ఇక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరారు. జాన్సన్ గవర్నరుగా ఉన్న కాలమే అది. తెలుగు పేపరు రాసే వ్యాసంలో ఆయన పేరు రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

ఇంకోటి. జాన్సన్ రీకాల్‌తో పాటు ఇనీషియేటివ్ కూడా తెచ్చాడు, అంటే జనమే సంతకాలు పెట్టి చట్టాన్ని నేరుగా ఓటుకు పెట్టుకోవడం. మీ వ్యాసం దాన్ని తెగ మెచ్చుకుంది. 1920లో అదే ఇనీషియేటివ్‌తో భూమి చట్టాన్ని ఇంకా గట్టిగా బిగించారు, ఓటేసినవాళ్లలో నలుగురికి ముగ్గురు అవునన్నారు. అది జనం ఓటే కదా, ఏ రైల్వే కంపెనీ చేసింది కాదు. 1952లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టేసేదాకా, 1956లో మళ్లీ జనమే ఓటేసి తీసేసేదాకా ఆ చట్టం చట్టాల పుస్తకాల్లో ఉంది. మన దగ్గర రీకాల్ పెట్టాలా వద్దా అని మాట్లాడుకునేటప్పుడు ఇది జనానికి తెలియాలా వద్దా చెప్పండి. తక్కువ మంది ఉన్న కులానికో, వేరే మతానికో చెందిన సర్పంచ్ మీద సంతకాల కాగితం తిరిగితే ఏమవుతుందో ఆలోచించి అడ్డుకట్ట కూడా ముందే వేసుకోవాలి. రీకాల్ వద్దని నేననడం లేదు, మొత్తం చెప్పి అప్పుడు అడగండి అంటున్నాను.

చివరి రోజుల గురించి కూడా తప్పే. చనిపోయేదాకా గవర్నరుగా ఉన్నాడని వేశారు. 1917 మార్చిలో గవర్నరు పదవి వదిలి సెనేట్‌కి వెళ్లాడు, 28 ఏళ్లు అక్కడే. హూవర్ డ్యామ్ కట్టడానికి దారి వేసిన 1928 చట్టంలో ఆయన పేరుంది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశాలన్నీ కలిసి పెట్టుకున్న నానాజాతి సమితిలో అమెరికా చేరడాన్ని ఎదిరించిన వాళ్లలో ముందున్నాడు. పోయింది 1945 ఆగస్టు 6, హిరోషిమా మీద బాంబు పడిన రోజే.

ఇన్ని తప్పులు ఒక్క వ్యాసంలో ఎలా వస్తాయండీ? ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు వస్తే మా స్టాఫ్ రూమ్‌లో ఆశ్చర్యపోయేవాళ్లం, సవరణ మర్నాడే వచ్చేది. ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఏదో చూసి గబగబా తెలుగు చేసి పంపేస్తున్నారు, చూసే సబ్ ఎడిటర్ ఉన్నాడో లేడో తెలీదు. మా తెనాలిలో లైబ్రరీ చూస్తే ఇంకా ఏడుపొస్తుంది. సెస్సు మా దగ్గర ఏటా ముక్కుపిండి వసూలు చేస్తారు, లోపల కొత్త పుస్తకం ఒక్కటి ఉండదు, లైబ్రేరియన్ పోస్టు ఖాళీ, అడిగితే పైనుంచి రావాలంటారు. ఇక్కడ నేను ఊరికి కొత్తదాన్ని, అయినా అడ్రస్ చూపించగానే కార్డు ఇచ్చి అడిగిన పుస్తకం తెప్పించి చేతిలో పెట్టారు. పరీక్షలకు చదివే పిల్లలు మీ పేపరు కత్తిరించి నోట్స్‌లో అంటించుకుంటారు, వాళ్లకు ఇంకో దారి లేదు. మా ఎదురింటి అమ్మాయి గ్రూప్స్‌కి అలాగే చదువుతోంది, మొన్న ఫోన్లో ఆ ఆండ్రూ జాన్సన్ బొమ్మే నాకు చూపించింది.

సవరణ వేస్తే అదే ఆదివారం అనుబంధంలో, కనపడే సైజులో వేయండి, క్లాసిఫైడ్స్ కింద మూల కాదు. సరైన ఫొటో, 1913 చట్టం, 1920 ఓటు, చెంచయ్య గారి పేరు, ఈ నాలుగూ రావాలి. వచ్చిన రోజు ఆ అమ్మాయికి ఫోన్ చేసి పాత కాగితం తీసేసి కొత్తది అంటించుకోమని చెబుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు,
తెనాలి (ప్రస్తుతం శాక్రమెంటో)