సిస్టమ్స్ తీసుకోవాలా అని అడిగావు కదా

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "ఎంబీఏలో సిస్టమ్స్ (కంపెనీల్లో కంప్యూటర్ వ్యవస్థల స్పెషలైజేషన్) తీసుకుంటే ఇటు బీటెక్ వాళ్లంత కోడింగూ రాదు, అటు ఫైనాన్స్ వాళ్లకున్న గిరాకీ ఉండదేమో నాన్నా" అన్నావు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. రాత్రి నిద్ర పట్టక పడుకుంటే మా రిజిస్ట్రేషన్ ఆఫీసు గుర్తొచ్చింది.

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలూ అమ్మకాలూ ఏమున్నాయో చెప్పే కాగితం, తీయడం చేతిపనే. ఇండెక్సు ఒకటిలో మనుషుల పేర్లు, ఇండెక్సు రెండులో ఆస్తుల వివరాలు. పన్నెండేళ్లకి ఈసీ అడిగితే పన్నెండేళ్ల పుస్తకాలూ దించి, దుమ్ము దులిపి, వరస వరసా వేలు పెట్టి చూడాలి. 1998లో మా శాఖని కంప్యూటరీకరించే కార్డ్ పథకం కింద కంప్యూటర్లు వచ్చాయి. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. జనం కంప్యూటర్‌ని మెచ్చుకున్నారు.

నాకు మాత్రం పాత ఇండెక్సులు ఎక్కించిన చాకిరీయే గుర్తుంది. ఒకే సర్వే నంబరుని ఒకరం 112/2 అనీ, ఇంకొకరం 112-2 అనీ కొట్టాం. మన కంటికి రెండూ ఒకటే, మిషనుకి కాదు. ఒకాయన పొలం కొందామని ఈసీ తీయిస్తే అందులో తనఖా కనపడలేదు, అది ఇంకో రకంగా కొట్టిన నంబరు కింద ఉండిపోయింది. పాత పుస్తకం కూడా చూద్దామని మా పెద్ద గుమాస్తాగారు పట్టుబట్టబట్టి బయటపడింది. ఆ అడ్డగీత కొట్టింది నేనే. ఇన్నేళ్లూ మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నువ్వు చెప్పిన అమెరికా కంపెనీ హెర్షీ చాక్లెట్ల కథా ఇలాంటిదే. 1999 జులైలో, సరిగ్గా అక్కడ చాక్లెట్లు బాగా అమ్ముడయ్యే హాలోవీన్ పండగ ఆర్డర్లు వచ్చిపడే ముందు, కొత్త సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కసారే మొదలెట్టారు. సరుకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయారు. అంత పెద్ద కంపెనీలో కోడింగ్ వచ్చినవాళ్లు లేకనా? ఏ నెలలో మార్చాలి, గోడౌన్లో వాడికి ముందు ఏం నేర్పాలి అని అడిగే మనిషి మాట చెల్లలేదని నా అనుమానం. మీ సిస్టమ్స్ చదువు ఆ మనిషిని తయారు చేసేదైతే కళ్లు మూసుకుని తీసుకో. సాఫ్ట్‌వేర్ పేర్లు బట్టీ పట్టించేదైతే వద్దు, నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

రెండు స్పెషలైజేషన్లకి మీ కాలేజీ ఒప్పుకుంటే ఫైనాన్స్ కూడా పెట్టుకో. బ్యాంకుల్లో కంప్యూటర్ వ్యవస్థల్ని తనిఖీ చేసే ఐటీ ఆడిట్ పనికి రెండూ కావాలి.

సిలబస్ వాట్సాప్‌లో పెట్టు. డేటాబేస్ పేపర్లో ఇండెక్సుల పాఠం ఉంటే ముందు నేను చదువుతా.

మీ నాన్న