చిన్నోడికి, గ్రాఫిక్స్ కార్డు కొనేముందు

మ్యూనిక్

ఒరేయ్ చిన్నోడా,

నేను బాగానే ఉన్నాను. ఉద్యోగం మామూలే. వేళకి తింటున్నానని అమ్మకి గట్టిగా చెప్పు. ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక తీసేశారని చదివాక కాస్త నిద్ర పట్టింది.

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు ఇక్కణ్ణుంచి తెమ్మన్నావు. తేను. అలగకుండా మొత్తం చదువు. డబ్బు నీది, ఎడిటింగ్ పనులు చేసి నువ్వు దాచుకున్నది, కాదనను. నాన్నగారు "ఆటలకి అంత డబ్బా" అన్నారని బాధపడకు. ఆయనతో నేను మాట్లాడతాను.

ఇక్కడి ధరలో 19 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది. ఇక్కడే నివాసం కాబట్టి అది నాకు వెనక్కి రాదు. శంషాబాద్‌లో దిగాక ఉచిత పరిమితి దాటిన విలువకి సుంకం కట్టాలి. దాచి తేవడం నా వల్ల కాదురా. పైగా చాలా కంపెనీలు కార్డు కొన్న దేశంలోనే వారంటీ చూస్తాయి. అమ్మిన కొట్టు పూచీ కూడా ఇక్కడే చెల్లుతుంది. ఆరు నెలలకి పాడైతే అంబాజీపేట నుంచి మ్యూనిక్ పంపుతావా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో విజయవాడలోనో జీఎస్టీ బిల్లుతో కొనుక్కో. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో.

అసలు నీకు 5090 ఎందుకు? నీ మానిటరు 2560 బై 1440, 165 హెర్ట్జ్. 5090లో 32 జీబీ మెమరీ ఉంది, అది 575 వాట్లు తాగుతుంది, అమెరికాలో విడుదల ధర 1999 డాలర్లు. దాని కింది కార్డు 5080కి 16 జీబీ, 360 వాట్లు, 999 డాలర్లు. ఇంకా కిందిది 5070 టీఐకి అదే 16 జీబీ, 300 వాట్లు, 749 డాలర్లు. 4కేలో 5090 దాదాపు సగం వంతు ఎక్కువ ఫ్రేములు (సెకనుకి చూపించే బొమ్మలు) ఇస్తుంది 5080 కన్నా. 1440లో ఆ తేడా బాగా తగ్గిపోతుంది, కార్డు చేతులు కట్టుకుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంది కాబట్టి. నీ ప్రాసెసర్ రైజెన్ 5 5600.

నా మాట నమ్మక్కర్లేదు, ఇప్పుడున్న కార్డుతోనే చూసుకో. నువ్వు రోజూ ఆడే ఆటలో మిగతా సెట్టింగులేవీ కదపకుండా రిజల్యూషన్ ఒక్కటే 720కి దించు. ఫ్రేముల్ని ఒక హద్దులో ఆపే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ తీసెయ్యి. జనం, బళ్ళు ఎక్కువుండే చోట తిరిగి, కార్డు పనితీరు చూపించే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో ఫ్రేములు చూడు. అక్కడ 95 వచ్చిందనుకో, నీ ప్రాసెసర్ ఇవ్వగలిగింది అంతే. ఏ కార్డు పెట్టినా ఆ 95 దాటదు. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే సెట్టింగు) పెడితే ప్రాసెసర్ మీద కూడా భారం పెరుగుతుంది కాబట్టి, నువ్వు వాడేవాడివైతే అది ఆన్‌లో ఉంచే పరీక్ష చెయ్యి. నీ మదర్‌బోర్డు బయోస్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పడుతుంది. దొరికితే 5070 టీఐ, ఆ ప్రాసెసర్ రెండూ కలిపినా 5090 ఒక్కదానికన్నా తక్కువలో వస్తాయి, నీ మానిటరు మీద ఆట బాగుంటుంది.

రివ్యూల్లో సగటు ఫ్రేములు చూసి మోసపోకు. "1 శాతం లో (low)" అన్న అంకె చూడు, అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 140 ఉండి అది 55 ఉంటే ఆట మధ్యలో కుదుపులు తప్పవు. ఫ్రేమ్ జనరేషన్‌తో, అంటే అసలు ఫ్రేముల మధ్య కార్డు కల్పించి చేర్చే ఫ్రేములతో వచ్చిన అంకెల్ని పక్కన పెట్టు. 60ని 240 చేసి చూపిస్తారు. కంటికి నున్నగానే ఉంటుంది, మౌసు కదిపితే మాత్రం స్పందన 60 దగ్గరే ఉంటుంది, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యం కూడా. అది లేకుండా 60 వచ్చే చోటే దాన్ని వాడాలి. 30 వచ్చే చోట పెడితే బురదలో నడిచినట్టుంటుంది.

అమ్మ మోకాళ్ళ వ్యాయామం మానేసిందట, అక్కయ్యగారు చెప్పారు. నువ్వు పక్కన కూర్చుని చేయించు. పది నిమిషాలు పట్టదు.

వేడి గురించి. రివ్యూలు చేసే గది 21, 22 డిగ్రీలుంటుంది. మే నెలలో మన మేడ మీద గది 36. అక్కడ 66 చూపించిన కార్డు నీ దగ్గర 80 చూపిస్తుంది, అది లోపం కాదు. 5090 పెట్టిన కంప్యూటర్ ఆడినంతసేపూ గోడ దగ్గర 750 వాట్ల పైనే లాగుతుంది, అదంతా గదిలోకి వేడిగానే వస్తుంది. రోజుకి నాలుగు గంటలాడితే మూడు యూనిట్లు, ఏసీ ఖర్చు కాక. 5070 టీఐ అయితే రెండు యూనిట్లు. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి తగ్గిస్తే ఆ 5070 టీఐ 255 వాట్లకి దిగుతుంది, ఫ్రేములు కొద్ది శాతమే పోతాయి. వేసవంతా అలాగే ఉంచు.

కనెక్టర్లు కాలిపోయిన ఫొటోలు పంపావు కదా, అమ్మకి చూపించకు. కారణం ఇది. కార్డుకి కరెంటు ఇచ్చే ఆ ప్లగ్గులోని 16 పిన్నుల్లో 12 వోల్టులు మోసేవి ఆరే. 575 వాట్లంటే 48 ఆంపియర్లు, పిన్నుకి ఎనిమిది. ఆ పిన్ను తట్టుకునేది తొమ్మిదికి కాస్త పైన. ఈ కార్డుల్లో చాలావాటిలో ఆరింటికీ సమానంగా పంచే ఏర్పాటు లేదు. ఒక పిన్ను సరిగా ఆనకపోతే దాని వంతు పక్కవాటి మీద పడి అవి కాలతాయి. 5070 టీఐలో పిన్నుకి నాలుగు ఆంపియర్లే, అందుకే అదంటే నాకు భయం లేదు. అయినా ప్లగ్గు సందు కనపడకుండా లోపలికంటా నొక్కాలి. టార్చి వేసి చూడు. నోటి దగ్గర నుంచి 35 మిల్లీమీటర్ల దాకా కేబుల్ వంచకూడదు. అడాప్టర్ వాడితే ఒక్కో 8 పిన్నుల నోటికీ ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు సరఫరా చేసే పెట్టె) నుంచి విడి కేబుల్ రావాలి, ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలు పెట్టొద్దు. నీ 650 వాట్ల పాత ఎస్ఎంపీఎస్ చాలదు. 5070 టీఐకి కంపెనీయే 750 అడుగుతుంది. ఏటీఎక్స్ 3.1 అని రాసి ఉన్నది తీసుకో, కార్డు లాగే కరెంటు క్షణంలో వెయ్యోవంతు సేపు ఎగబాకినా ఆ ఎస్ఎంపీఎస్ ఆగిపోదు.

ఎర్తింగ్ చూపించావా? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్లో మీటరు పెట్టించు. ఫేజుకీ న్యూట్రల్‌కీ ఎంతుందో ఫేజుకీ ఎర్తుకీ దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు, మూడు వోల్టులు దాటితే ముందు అది బాగు చేయించాలి. క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందని నువ్వే అన్నావు, నాకు దిగులంతా దాని గురించే. యూపీఎస్ 1000 వీఏ అంటే సాధారణంగా 600 వాట్లే. కరెంటు పోతే ఆట సేవ్ చేసి ఆపడానికే అది. ప్యూర్ సైన్ వేవ్ తీసుకో, చవక రకాల మీద కొన్ని ఎస్ఎంపీఎస్‌లు ఠక్కున ఆగిపోతాయి.

కొబ్బరి పీచు దుమ్ము కార్డుని చల్లబరిచే ఫిన్నుల్లో (పల్చటి రేకుల్లో) ఉండలు కడుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను వేలితో పట్టుకో, లేకపోతే బేరింగు పోతుంది.

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తియ్యి. కార్డు పెట్టగానే కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరిచి ఆర్ఓపీలు (చిప్పులో బొమ్మని చివరగా గీసే భాగాలు) ఎన్నో చూడు. 5070 టీఐకి 96, 5080కి 112 ఉండాలి. 2025 మొదట్లో కొన్ని తగ్గి వచ్చాయి, ఎన్విడియానే ఒప్పుకుంది, కార్డు తయారుచేసిన కంపెనీ దగ్గర మార్పించుకోమంది. తర్వాత 3డీమార్క్ ప్రోగ్రాంలో స్ట్రెస్ టెస్ట్ 20 రౌండ్లు, ఫ్రేముల నిలకడ 97 శాతం దాటాలి. పక్కన రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో నడుపుతూ 16 పిన్నుల ప్లగ్గు వోల్టేజీ చూడు. ఖాళీగా 12.1 ఉండి లోడులో 11.7కి దిగితే ఆపేసి ప్లగ్గు మళ్ళీ పెట్టు. ఇదంతా కొట్టువాడు మార్చిచ్చే గడువులోపే, మధ్యాహ్నం పూట, ఏసీ వెయ్యకుండా చెయ్యి. సెకండ్ హ్యాండ్ 4090 (5090కి ముందు తరం కార్డు) జోలికి పోకు. చిప్పు, మెమరీ పీకేసిన ఖాళీ బోర్డులు అమ్మినవాళ్ళున్నారు.

ఎస్ఎంపీఎస్ లేబులూ, టేపు పెట్టి కొలిచిన క్యాబినెట్ లోపలి పొడవూ, ఆ ఎర్తు రీడింగూ ఫొటోలు తీసి పంపు. అవి చూశాక ఏ మోడలో చెబుతాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. తక్కువ పడితే నేను కలుపుతాను, నాన్నగారిని అడగొద్దు.

నీ అక్క