ఇస్కపల్లి ఉప్పు మడుల పెద్దాయనకు

మొన్న ఆదివారం పొద్దున అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కన, మోకాలి దాకా బురదలో దిగబడి నిలబడ్డ మనిషిని నేనే. మెడలో బైనాక్యులర్, చేతిలో ఒక చెప్పు. రెండోది ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. నన్ను గట్టు మీదికి లాగిన పెద్దాయన పేరు అడగడం మరిచిపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు.

"పిట్టల వెంట పడితే దొరుకుతాయా బాబూ? పోటు రానివ్వు, అవే వస్తాయి" అంటూ ఎండ వీపుకు తగిలేలా గట్టు చాటున కూర్చోబెట్టారు. అలాగే జరిగింది. పోటుకు ఉప్పుటేటి బురద మునిగేసరికి చిన్న ఉల్లంకులు గుంపుగా లేచి మడుల్లో వాలాయి. పిచ్చుకంత పిట్ట, పాతిక ముప్పై గ్రాముల బరువు. ఎండలు ముదిరేలోగా బయలుదేరి, ఎక్కడో సైబీరియా ఉత్తర కొసన గుడ్లు పెట్టడానికి వెళుతుంది! ఒకటి నాలుగు అడుగుల దూరానికి వచ్చింది. నల్లటి సన్నని కాళ్లు, కుట్టుమిషను సూదిలా ఆగకుండా బురదను పొడిచే ముక్కు. రాజహంసల కోసం వచ్చిన సంగతే మరిచిపోయాను.

పెద్దాయనా, మీరిచ్చిన సీసా నీళ్లతో కాళ్లు కడుక్కున్నాను. అవి మీరు తాగడానికి తెచ్చుకున్నవని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను. ఆ ఎండలో పూటంతా ఏం తాగారో! మీకు నా కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నాను, పెద్ద క్యాను నిండా మంచినీళ్లతో.