పిల్లలతో వెళ్లేవారికి ఇక విడి టికెట్లు ఇవ్వను

ఏళ్ల తరబడి మా దగ్గరే ప్రయాణాలు బుక్ చేసుకుంటున్న మీకు ఈ సంగతి ఎవరి నోటి నుంచో తెలియడం నాకిష్టం లేదు. పోయిన నెల మా ద్వారా వెళ్లిన ఒక కుటుంబం దారి మధ్యలో ఎయిర్‌పోర్టులో 19 గంటలు చిక్కుకుపోయింది. బాబుకు ఆరేళ్లు, పాపకు ఇరవై నెలలు.

వాళ్లు మధ్యలో ఒకసారి విమానం మారాలి. అందుకు రెండున్నర గంటల సమయం ఉంది. మొదటి విమానం గంటన్నర ఆలస్యమైంది. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే, రెండో విమానం తప్పిపోయినా తర్వాతి దాంట్లో పంపించాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్‌దే. కానీ వీళ్ల చేతిలో ఉన్నవి రెండు ఎయిర్‌లైన్ల విడివిడి టికెట్లు. బయటికొచ్చి, సామాను తీసుకుని, పాప స్ట్రాలర్ వచ్చేదాకా ఆగి, మళ్లీ చెక్-ఇన్‌కి పరుగెత్తేసరికి కౌంటర్ మూసేశారు. రెండో ఎయిర్‌లైన్ వీళ్లను ‘నో షో’గా, అంటే ప్రయాణానికి రానివాళ్లుగా రాసుకుంది. దాంతో ఆ టికెట్‌లోనే ఉన్న తిరుగు ప్రయాణం కూడా రద్దయిపోయింది.

తెల్లవారుజామున ఆ పిల్లల తల్లి ఫోన్ చేసింది. తిట్టలేదు. ‘అన్నా, ఇప్పుడేం చెయ్యాలి?’ అని మాత్రం అడిగింది. తర్వాత ఒక ఫొటో పంపింది. ట్రాలీలో సూట్‌కేసుల మీద బాబు నిద్రపోతున్నాడు. ఒక కాలికే షూ ఉంది, రెండోది వాళ్ల నాన్న చేతిలో ఉంది. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

కొత్త టికెట్లు నా డబ్బుతోనే తీశాను. దాని గురించి ఇంతకంటే చెప్పను. చెప్పాల్సింది మా సప్లయర్ గురించి.

పదకొండేళ్లుగా వాళ్ల దగ్గరే టికెట్లు తీసుకుంటూ వచ్చాను. ఈ కుటుంబం విషయంలో ‘చిన్న పిల్లలున్నారు, ఒకే టికెట్ కావాలి’ అని ముందే రాసి పంపాను. వాళ్లు పంపిన కాగితంలో పైన ఒకే రిఫరెన్స్ నంబరు, దాని కింద వరుసగా అన్ని విమానాలూ ఉన్నాయి. చూడగానే ఒకే టికెట్ అనిపించేలా తయారుచేసిన కాగితం అది. ఆ నంబరు వాళ్ల ఆఫీసు పెట్టుకున్నది, ఎయిర్‌లైన్‌ది కాదు. అసలు చూడాల్సింది టికెట్ నంబరు. 13 అంకెలుంటాయి, మొదటి మూడూ ఆ టికెట్ ఇచ్చిన ఎయిర్‌లైన్ కోడ్. రానూపోనూ కలిపి నాలుగు విమానాల వరకు ఒక మనిషికి ఒకే నంబరు సరిపోతుంది. ఈ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక్కొక్కరికి రెండేసి నంబర్లున్నాయి, మొదటి మూడు అంకెలూ వేర్వేరుగా. నేను అంతదాకా చదవలేదు. ఆ తప్పు నాదే.

నిలదీస్తే సప్లయర్ అన్న మాట: ‘ఆలస్యం చేసింది ఎయిర్‌లైన్, మాకేం సంబంధం? చవగ్గా రావాలంటే ఇలాగే ఉంటాయి.’ నేను చవగ్గా అడగలేదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వాళ్లకు బాకీ ఆపలేదు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. వాళ్లతో లావాదేవీలు ఆ రోజే ఆపేశాను.

ఆ తర్వాత రెండు వారాలు ఒకే ఆలోచన. విడి టికెట్లు చాలాసార్లు చవగ్గా వస్తాయి. నలుగురున్న ఇంటికి ఆ తేడా చిన్నదేం కాదు. ‘రిస్క్ మాది, మాకు చవకవే ఇవ్వండి’ అని అడిగేవాళ్లు మీలోనే ఉన్నారు. ఇవ్వకపోతే వాళ్లు ఇంకెక్కడికో వెళ్తారని ఇంట్లోవాళ్లూ అన్నారు. నిజమే, వెళ్తారు. సంతకం పెట్టించుకుని ఇద్దామా అని కూడా అనుకున్నాను. కానీ సంతకం పెట్టేది పెద్దవాళ్లు, ట్రాలీ మీద పడుకునేది పిల్లలు. అందుకే ఐదేళ్లలోపు పిల్లలున్నవాళ్లకు ఇక విడి టికెట్లు ఇవ్వను. విమానం మారే చోట మూడు గంటల కంటే తక్కువ సమయం ఉన్న టికెట్ కూడా ఇవ్వను. బుకింగ్ కంప్యూటర్ గంటన్నర ఉన్నా చాలంటుంది. ఆ గంటన్నరలో పాప డైపర్ మార్చాలని కంప్యూటర్‌కి తెలియదు. కమీషన్ కోసం ఖరీదైనవి అంటగడుతున్నానని ఒకరు అన్నారు. ఆ మాట బాధపెట్టింది. అయినా నా నిర్ణయం మారదు.

మిగతావన్నీ ఎప్పటిలాగే. పాస్‌పోర్టుల గడువు చూడటం, ఊయల సీటు అడగటం, తల్లిదండ్రుల్లో ఒకరే వెళ్తుంటే రెండోవారి అనుమతి పత్రం సిద్ధం చేయించడం మేమే చూసుకుంటాం. ఒక్కటి మాత్రం మీరే గుర్తుపెట్టుకుని చెప్పాలి: ప్రయాణం మధ్యలో పిల్లలకు రెండేళ్లు నిండుతున్నాయా? నిండితే తిరుగు ప్రయాణంలో ఒళ్లో కూర్చోబెట్టుకోనివ్వరు, విడిగా సీటు కొనాలి.

ఇప్పటికే బుక్ అయినవాటిలో ప్రతి టికెట్ నంబరూ నేనే కూర్చుని చూశాను. ఆ సప్లయర్ ఇచ్చిన విడి టికెట్లు మూడు కుటుంబాల దగ్గరున్నాయి. ఇద్దరితో మాట్లాడి మార్పించాను, అదనంగా అయిన ఖర్చు నాదే. మూడోవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. వచ్చే వారం కవల పిల్లలతో బయల్దేరుతున్నది మీరే అయితే, ఎంత రాత్రయినా సరే, ఇది చదవగానే ఫోన్ చేయండి.